‘ఎరవు పేరు’ అనాలా, ‘ఎదురు పేరు’ అనాలా? యానాం పాటలో ఒక్క మాట

గౌతమి గట్టు:
అందరికీ నమస్కారం. రెండు పాదాలు నెల రోజులుగా నన్ను పట్టుకుని వదలడం లేదు. మా అమ్మమ్మ నాకు జడ వేస్తూ పాడేది.

ఊరు మారలేదు, ఉనికి మారలేదు
ఏరు దాటలేదు, ఎరవు పేరు దెచ్చె

గొడవంతా ‘ఎరవు’ దగ్గరే. నాకు ‘ఎరవు పేరు’ అని గుర్తు. మా అన్నయ్య ‘ఎదురు పేరు’ అని ఒట్టేసి చెబుతున్నాడు. అమ్మని అడిగితే “ఏదో ఒకటి లేవే, రెండూ బాగానే ఉన్నాయి” అంది. అమ్మమ్మ పోయి పన్నెండేళ్ళయింది. పాటలు రికార్డు చేసుకోవాలని అప్పట్లో మాకెవరికీ తట్టలేదు.

సందర్భం చెప్తాను. అమ్మమ్మ పుట్టిల్లు యానాం, మెట్టినిల్లు తాళ్ళరేవు. వాళ్ళ తాతగారు ఫ్రెంచి ప్రభుత్వంలో గుమాస్తా. 1880ల్లో హిందూ ధర్మశాస్త్రం వదులుకుని ఫ్రెంచి చట్టం కిందికి వెళ్ళి, కాగితాల్లో కొత్త ఇంటిపేరు రాయించుకున్నారు. ఆ కొత్త పేరు మాకు తెలుసు. పాత ఇంటిపేరే ఇంట్లో ఎవరికీ తెలియదు. పాట ఆయన మీదేనని అమ్మమ్మ అనేది. ఈ ఒక్క మాట తేలితే, మార్చుకున్న పేరుని ఆయన ఎలా చూసుకున్నారో తెలుస్తుందని నా ఆశ.

ప్రాసకాపరి:
ఎరవు. సందేహమే లేదు. ‘ఏరు’ – ‘ఎరవు’ ప్రాసయతి చూడండి, రెండిట్లోనూ రెండో అక్షరం రకారమే. ‘ఎదురు’ అంటే ఆ అందం పోతుంది. పాట కట్టినవాళ్ళకి చెవి ఉంది.

బందరు పంతులు:
ప్రాసకాపరి గారూ, ప్రాసయతికి రకారం ఒక్కటీ కలిస్తే చాలదు కదా. ముందక్షరం గురువైతే అక్కడా గురువే ఉండాలి. ‘ఏ’ గురువు, ‘ఎ’ లఘువు. కాబట్టి అది ప్రాసయతి కాదు, మామూలు స్వరయతి. ఏ–ఎ మైత్రి. పైపాదంలో ఊ–ఉ కూడా అంతే. అలా చూస్తే ఎరవైనా ఎదురైనా యతి చెడదు. మాత్రలూ చెడవు, రెండూ మూడేసి లఘువులే. నడక మొత్తం త్రిశ్రం, అంటే మూడేసి మాత్రలు. ఛందస్సు ఈ తగువు తీర్చదు.

యానాం అనగానే నాకు కవి చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు గుర్తొస్తారు. పుట్టింది 1870లో కడియంలోనైనా ఆయన చదువూ చిన్నతనమూ యానాంలోనే. పద్దెనిమిదేళ్ళ వయసులో యానాం వేంకటేశ్వరస్వామి మీద శతకం చెప్పి, అందులో ఒక వ్యాకరణ దోషాన్ని ఎవరో ఎత్తిచూపితే ఆ అవమానం భరించలేక వ్యాకరణం చదువుకోవడానికి కాశీకి బయల్దేరిన మనిషి. ఒక్క తప్పుకి కాశీ దాకా వెళ్ళిన ఊరది. అలాంటి ఊరి పాటలో ఒక్క అక్షరం కోసం మనం ఇంతసేపు కూర్చోవడం తగినదే.

గట్టుమీద రైతు:
మాది అమలాపురం దగ్గర. మా వైపు ‘ఎరవు’ అని ఎవరూ అనరండి, ‘ఎరువు’ అనే అంటాం. ఎరువుసొమ్ము బరువుచేటు అనే సామెత అందరికీ తెలిసిందే కదా. మీ అమ్మమ్మగారిది కూడా ఈ గోదావరి గట్టే కాబట్టి ‘ఎరువు పేరు’ అనే పాడి ఉంటారు. మీరు చదువుకున్నాక చెవిలో ‘ఎరవు’ చేసుకున్నారేమో.

మాటకి అర్థం కూడా కాస్త విడదీసి చూడాలి. అప్పు వేరు, చేబదులు వేరు, ఎరువు వేరు. అప్పుకి వడ్డీ కడతాం. చేబదులుకి వడ్డీ ఉండదు, కానీ మనం తిరిగిచ్చేవి ఆ నోట్లే కానక్కర్లేదు. ఎరువు అంటే తెచ్చిన వస్తువునే తెచ్చినట్టు తిరిగి ఇవ్వాలి. పెళ్ళికి పక్కింటి కాసులపేరు తెచ్చి మెళ్ళో వేసుకుంటే అది ఎరువు. మా నాయనమ్మ అయితే ఎరువు తెచ్చిన నగకి ముందు పసుపు దారం కట్టేది, ఇంట్లో నగల్లో కలిసిపోకుండా. ‘ఎరువు పేరు’ అంటే తిరిగి ఇచ్చేయాల్సిన పేరు. ఎంత మంచి మాటండీ అది.

ప్రాసకాపరి:
నిఘంటువులో బదులు తెచ్చుకోవడానికి ఎరవు, పొలంలో వేసేదానికి ఎరువు. వాడుకలో రెండూ కలిసిపోయాయి, ఒప్పుకుంటాను. పాటని కాగితం మీద పెట్టేటప్పుడు మాత్రం ‘ఎరవు’ అనే రాయాలి.

పంటు రేవు:
నేను యానాం మనిషిని. మీరెవరూ అసలు ఏరు వైపు చూడడం లేదు. యానాం రేవులో నిలబడి గౌతమికి అవతల చూస్తే కనిపించే ఊరి పేరు ఏమిటో తెలుసా? ఎదుర్లంక! బాలయోగి వారధి రాకముందు పంటు మీద దాటేవాళ్ళం. ఫ్రెంచి కాలంలో ఇవతల గట్టు ఫ్రెంచి వాళ్ళది, అవతల గట్టు ఇంగ్లీషు వాళ్ళది. ఇప్పుడు పాట మళ్ళీ చదవండి. “ఏరు దాటలేదు, ఎదురు పేరు దెచ్చె.” ఏరు దాటితే వచ్చేది ఎదురు గట్టు. ఈయన ఏరు దాటకుండానే ‘ఎదురు’ అయిపోయాడు. ఊరూ మారలేదు, ఉనికీ మారలేదు, ఉన్నచోటే పరాయివాడయ్యాడు. మూడు ‘లేదు’ల తర్వాత రావాల్సిన మాట ‘ఎదురు’ తప్ప ఇంకోటి కాదు.

గౌతమి గట్టు:
పంటు రేవు గారూ, ఒళ్ళు జలదరించింది. నేను ఆ వారధి మీద ఎన్నిసార్లు వెళ్ళానో. ఒక్కసారీ ఈ ఆలోచన రాలేదు.

గట్టుమీద రైతు:
ఎదుర్లంక పాటలో ఉందంటే నమ్మాలని నాకూ ఉందండి, మా దారిలో ఊరే కదా. కానీ ‘ఎదురు పేరు’ అని తెలుగువాడు ఎప్పుడైనా అన్నాడా? ఎదురు దెబ్బ విన్నాం, ఎదురు గాలి విన్నాం, ఎదురు మాట విన్నాం. ఎదురు పేరు నేనైతే వినలేదు.

వ్యాకరణం వాకిలి:
ఎదురు మేనరికం విన్నారా? మేనమామ కూతుర్ని చేసుకుంటే మేనరికం, మేనత్త కూతుర్ని చేసుకుంటే ఎదురు మేనరికం. ఎదురు కట్నం కూడా విన్నారు. అక్కడ ఎదురు అంటే విరోధం కాదు, వరస తిరగబడడం. ‘ఎదురు పేరు’ అంటే తిరగేసిన పేరు. ఫ్రెంచి పద్ధతిలో ముందు మనిషికి పెట్టిన పేరు, తర్వాత ఇంటిపేరు. మనకి ఇంటిపేరు ముందు, మనిషి పేరు తర్వాత. ఆ తాతగారి పేరు కాగితం మీద నిజంగానే ఎదురు తిరిగింది.

ఇందులో వ్యాకరణం కూడా ఉంది, అది నాకు చాలా ఇష్టమైన విషయం. మన ఇంటిపేర్లలో సగానికి సగం ఊరి పేర్లకి ఔపవిభక్తికం చేరిన రూపాలు. రావిపాడు నుంచి రావిపాటి, ఏలూరు నుంచి ఏలూరి, నెల్లూరు నుంచి నెల్లూరి. ‘రావిపాటి’ అంటే రావిపాడు యొక్క అని. ఆ మాట తర్వాత ఇంకో మాట రావాలి, ఎవరు అన్నది చెప్పాలి. అందుకే అది ముందుంటుంది. దాన్ని పట్టుకెళ్ళి చివర పెడితే ‘యొక్క’ అని ఆగిపోయినట్టే, వాక్యం గాలిలో వేలాడుతుంది. ఇంగ్లీషు ఫారాల్లో ఈ పని మనం రోజూ చేస్తున్నాం కాబట్టి అలవాటైపోయింది. మొదటిసారి చూసినవాడి చెవికి అది తప్పకుండా ఎదురుగానే తగిలి ఉంటుంది.

బందరు పంతులు:
బాగా చెప్పారు. మా బడిలో పిల్లలకి ఔపవిభక్తికాలు చెప్పేటప్పుడు ఇంటిపేర్లే అడిగేవాణ్ణి. ఒక్కొక్కరూ లేచి తమ ఇంటిపేరుని విడదీసి ఊరి పేరు బయటికి తీసేవారు. తమ పేరులో ఒక ఊరుందని తెలిసినప్పుడు వాళ్ళ మొహాలు చూడాలి.

పుదుచ్చేరి పాత కాగితం:
ఆలస్యంగా వచ్చాను, క్షమించండి. పాత రిజిస్టర్లు చదవడం నా పని కాబట్టి కాగితం వైపు నుంచి చెప్తాను.

గౌతమి గట్టు గారి తాతగారిని ఇక్కడ ‘రెనోన్సాన్’ అంటారు, అంటే వదులుకున్నవాడు అని. 1881 సెప్టెంబర్ 21 నాటి డిక్రీతో వచ్చిన ఏర్పాటు ఇది. మేజరైన భారతీయుడు ఎవరైనా అధికారి ముందు ప్రకటన చేసి తన కుల, మత ధర్మం ప్రకారం నడిచే వ్యక్తిగత చట్టాన్ని వదులుకోవచ్చు. పెళ్ళి, ఆస్తి, వారసత్వం అన్నీ అప్పటినుంచి ఫ్రెంచి సివిల్ కోడ్ ప్రకారమే. ఇది మతం మారడం కాదు. గుడికి వెళ్ళేవాళ్ళు గుడికే వెళ్ళారు, చర్చికి వెళ్ళేవాళ్ళు చర్చికే వెళ్ళారు. ప్రకటనతో పాటు తరతరాలకీ నిలిచే ఒక ఇంటిపేరు చెప్పాలి.

ఇక్కడ అసలు సంగతి, ఆ ప్రకటన వెనక్కి తీసుకునే వీలులేనిది. భార్యకీ మైనరు పిల్లలకీ కూడా అదే వర్తిస్తుంది. మరి తిరిగి ఇచ్చేయాల్సిందాన్ని ఎరవు అంటాం అని రైతు గారే చెప్పారు. తిరిగి ఇవ్వడానికి వీల్లేని పేరు ఎరవు ఎలా అవుతుంది? నా ఓటు ‘ఎదురు’కే.

పుదుచ్చేరిలో ఈ ఉద్యమానికి ముందు నిలిచిన న్యాయవాది పొన్నుతంబి పిళ్ళై ఎన్నుకున్న పేరు లాపోర్త్. ఫ్రెంచిలో తలుపు అని అర్థం. అంతకుముందు 1873లో బూట్లు వేసుకుని కోర్టులోకి వచ్చాడని ఆయన్ని అడ్డుకుంటే, పారిస్‌లోని పై కోర్టు దాకా వెళ్ళి గెలిచాడు. తనకి మూసిన తలుపునే తన పేరు చేసుకున్నాడు. అది ఎరవు తెచ్చుకున్నవాడు చేసే పని కాదు.

గట్టుమీద రైతు:
చట్టం వెనక్కి తీసుకోనివ్వదు సరే. అమ్మమ్మ పాట చట్టం కాదు కదండీ. కోడలికి పుట్టింటివాళ్ళు పెట్టిన నగ కూడా కాగితం మీద ఆమెదే. అయినా కష్టం వచ్చినప్పుడు అది ఎవరిదో ఇంట్లో అందరికీ తెలుసు. మెళ్ళో వేసుకున్నా అది మనది కాదన్న తెలివిడి ఉంటుందే, దాన్నే ఎరువు అంటాం.

గౌతమి గట్టు:
ఇద్దరి మాటా నిజమే అనిపిస్తోంది, అదే నాకు టెన్షన్.

భాగ్యనగరి:
ఎరవుకి నాదో సాక్ష్యం, ఎదుటి వైపు నుంచి. హైదరాబాద్‌లో మూసారాంబాగ్ ఉంది కదా. నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని రేమాన్, 1798లో పోయాడు. ‘ముస్యే రేమాన్’ని మన హిందువులు మూసారాం చేశారు, ముసల్మానులు మూసా రహీం చేశారు. దొర చచ్చిపోయాక కూడా మన పేరుతోనే ఉన్నాడు. ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద సమాధి ఇప్పటికీ ఉంది. పేర్లు గట్టు దాటి ఇటూ అటూ ఎరవు వెళ్తూనే ఉంటాయి. మనం వాళ్ళ పేరు తెచ్చుకున్నాం, వాళ్ళకి మన పేరు ఇచ్చాం.

ప్రాసకాపరి:
ముస్యేకి మూసా. చూశారా, యకారం పోయి దీర్ఘం వచ్చింది. దీని మీద వేరే చర్చ పెట్టాలి.

మాంట్రియాల్ కోడలు:
నమస్తే అండీ. ఇక్కడ క్యుబెక్‌లో మా పక్కింటావిడ తన వంశవృక్షం గీయించుకుంటుంటే నేనూ కూర్చున్నాను. ఈ పేర్ల గొడవ వాళ్ళకీ ఉంది, పైగా మూడు వందల యాభై ఏళ్ళనాటిది. 1665లో కారిన్యాన్-సాలియేర్ రెజిమెంటుతో దాదాపు 1,200 మంది సైనికులు ఫ్రాన్సు నుంచి ఇక్కడికి వచ్చారు. సైన్యంలో ప్రతివాడికీ ఒక మారుపేరు ఉండేది. లాఫ్లర్ అంటే పువ్వు, సాన్సూసీ అంటే చింతలేనివాడు, జోలీకర్ అంటే మంచి మనసువాడు. చర్చి రిజిస్టర్లో అసలు ఇంటిపేరు రాసి, ‘దీ’ అని ఒక మాట పెట్టి, తర్వాత మారుపేరు రాసేవారు. ‘దీ’ అంటే మన ‘అనబడే’ అన్నమాట. తరవాతి తరాల్లో ఒక కొడుకు అసలు పేరుతో, ఇంకో కొడుకు మారుపేరుతో ఉండిపోయాడు. ఒకే తండ్రి బిడ్డలు, రెండు ఇంటిపేర్లు! పక్కింటావిడ నాలుగేళ్ళు తప్పు అన్నదమ్ముడి వెంట వెళ్ళిందట.

ఇంకోటి. ఇక్కడ బాప్తిజంలో దాదాపు మగపిల్లలందరికీ జోసెఫ్, ఆడపిల్లలందరికీ మరీ అని ముందు పెట్టేవారు. పిలిచే పేరు ఆఖర్న ఉంటుంది. మొదటి పేరు చూసి మనిషిని పట్టుకోబోతే ఊరంతా జోసెఫ్‌లే.

మీ పాటలో మాట నేను చెప్పలేను గానీ, నాకైతే ‘దీ’ లాంటి మాట ఏదో ఉండాలనిపిస్తోంది. ‘ఎరుక పేరు’ అయి ఉంటుందా? నలుగురూ ఎరిగిన పేరు?

వ్యాకరణం వాకిలి:
ఎరుక! మూడో పాఠాంతరం వచ్చేసింది. దయచేసి ఎవరూ నాలుగోది తేకండి.

పంటు రేవు:
ఎరుక కుదరదమ్మా. ‘తెచ్చె’ అంటే బయటినుంచి రావాలి. ఎరిగిన పేరుని బయటినుంచి తేవడం ఏమిటి?

బందరు పంతులు:
పంటు రేవు గారి పాయింటు సరైనదే. అయితే అదే తూకం ‘ఎదురు’కి కూడా వేయండి. వరస తిరగబడిన పేరుని ‘తెచ్చె’ అంటామా, ‘పెట్టె’ అంటామా? ‘తెచ్చె’ అనే క్రియ ఎరవుకి అతికినట్టు ఇంకో మాటకి అతకదు. ఎరవు తెస్తాం. నేను నా మాట మార్చుకుంటున్నాను, ఎరవు వైపు వస్తున్నాను.

గౌతమి గట్టు:
ఒక విషయం ముందే చెప్పాల్సింది. కాగితం ఫొటో మా అన్నయ్య దగ్గర ఉంది, ఇవాళ పంపాడు. ప్రకటన పత్రం. పైన యానాంని ‘యనాఁవ్’ అన్నట్టు ఫ్రెంచి స్పెల్లింగులో రాశారు. గోధుమరంగు సిరా, వాలు రాత. మధ్యలో ముందు పెట్టిన పేరు, వెనక కొత్త ఇంటిపేరు, వాకిలి గారు చెప్పినట్టే తిరగేసి ఉంది. అంతా ఫ్రెంచిలోనే ఉంది, కింద ఆయన సంతకం మాత్రం తెలుగులో ఉంది! గుండ్రటి అక్షరాలు, ఒక్కొక్కటీ విడివిడిగా, కలం ఎత్తి ఎత్తి పెట్టినట్టు. కొత్త ఇంటిపేరు అందులో లేదు. ఒక పొడి అక్షరం, చుక్క, తర్వాత ఆయన పేరు. ఆ పొడి అక్షరమే పాత ఇంటిపేరు అయి ఉండాలి కదా? అది ‘ప’ అని అన్నయ్య, ‘వ’ అని నేను.

పుదుచ్చేరి పాత కాగితం:
అమ్మా, ఇది ముందు చెప్పి ఉంటే నేను ఛందస్సు చర్చంతా వదిలేసి దీని మీదే పడేవాణ్ణి! వదులుకుంటున్నానని రాసిన కాగితం కిందే ఆయన పాత ఇంటిపేరుతో సంతకం పెట్టారు. తలకట్టు అక్షరం మీద కలిసిందా, విడిగా ఉందా? విడిగా ఉంటే ‘ప’.

గౌతమి గట్టు:
అక్కడే మడత పడింది. మడత గీత సరిగ్గా తలకట్టు కిందనుంచి వెళ్ళింది. సిరా రాలిపోయింది.

ప్రాసకాపరి:
మడతకి పైనా కిందా సిరా చిక్కదనం ఒకేలా ఉందేమో చూడండి. ‘వ’ని ఒకే ఊపులో రాస్తాం, ‘ప’కి కలం ఎత్తాలి.

గౌతమి గట్టు:
ఆయన అన్నిటికీ కలం ఎత్తారండీ.

పుదుచ్చేరి పాత కాగితం:
సరే, ఇలా వెతకండి. 1776లో పదహారో లూయీ ఇచ్చిన శాసనం ప్రకారం వలసల రిజిస్టర్లకి నకళ్ళు తీసి ఫ్రాన్సుకి పంపేవారు. అందుకే ఇక్కడ చెదలు తిన్నవి కూడా అక్కడ బతికి ఉన్నాయి. దక్షిణ ఫ్రాన్సులో ఎక్స్-అన్-ప్రొవాన్స్‌లోని అభిలేఖాగారం యానాం జనన, వివాహ, మరణ పత్రాల స్కాన్లు ఆన్‌లైన్లో పెట్టింది. ముందు పదేళ్ళకొకసారి వేసిన అక్షరక్రమ పట్టికలు చూడండి, తర్వాత రిజిస్టర్‌కి వెళ్ళండి.

ఫ్రెంచి గుమాస్తా చెవితో వెతకాలి. వాళ్ళకి మన ‘చ’ రాయాలంటే ముందు ‘టి’ పెట్టాలి. కాబట్టి చిన్నయ్య ‘టి’ కింద ఉంటాడు. ‘జ’కి ముందు ‘డి’ పెడతారు, జగన్నాథం ‘డి’ కింద దొరుకుతాడు. ‘ఉ’కి ‘ఓ’, ‘యు’ రెండూ రాస్తారు. పిళ్ళై అనే మాట పుల్లే అయింది, నాయుడు నైదూ అయింది. 1828లో యానాం నుంచి బూర్బోన్ దీవికి, అంటే ఇప్పటి రీయూనియన్‌కి కూలికి వెళ్ళిన తెలింగల (తెలుగువాళ్ళ) దగ్గర మొదలుపెట్టి, ఆ దీవుల్లో మనవాళ్ళ పేర్లన్నీ ఈ స్పెల్లింగులోనే గట్టిపడ్డాయి. అక్కడ చాలామందికి తాత సొంత పేరే వంశం పేరైపోయింది. కరీబియన్‌లోని ఫ్రెంచి దీవి గ్వాదలూప్‌లో భారతీయుల పౌరసత్వం కోసం ఏళ్ళ తరబడి పోరాడిన హెన్రీ సిదాంబరోమ్ ఇంటిపేరు మన చిదంబరమే.

మీ తాతగారి దగ్గర ఆగకండి, ఆయన ఇంటి ఆడవాళ్ళని వెతకండి. మన దగ్గర పెళ్ళయితే ఇంటిపేరు మారిపోతుంది. ఫ్రెంచి రికార్డులో ఆడమనిషి చనిపోయేదాకా పుట్టింటి పేరుతోనే ఉంటుంది, 1794 నాటి చట్టం నుంచీ అదే పద్ధతి. ఆయనకి అక్కో చెల్లెలో ఉంటే, ఆమె మరణ పత్రంలో మీ పాత ఇంటిపేరు ఉండే అవకాశం ఉంది.

గౌతమి గట్టు:
అమ్మమ్మ వాళ్ళ మేనత్తమ్మ ఒకావిడ ఉండేదని విన్నాను. తాతగారికి ఆవిడ చెల్లెలవుతుందో కూతురవుతుందో అమ్మని అడగాలి.

భాగ్యనగరి:
ఈ చర్చ చదివి ఒకాయన నాకు విడిగా రాశారు, వాళ్ళ తాతా నాయనమ్మల పెళ్ళి యానాంలో జరిగింది కాబట్టి తామూ ఫ్రెంచి వంశమేనా అని.

పంటు రేవు:
అయ్యో, అలా అనుకోవద్దని చెప్పండి! శారదా చట్టం 1930 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చాక బాల్యవివాహాలు చేయించడానికి బ్రిటిషు జిల్లాల నుంచి జనం యానాంకి వచ్చేవారు, ఇక్కడ ఆ చట్టం లేదు కాబట్టి. మా ఊరికి కళ్యాణపురం అని పేరే పడిపోయింది. పెళ్ళి పందిరి వేసుకుని వెళ్ళిపోయినవాళ్ళకి మా రిజిస్టర్‌తో సంబంధం లేదు.

ఇంటిపేరు ముందుండాలన్న పట్టుదల మావాళ్ళకి ఎంతుందో చెప్తాను. 1954 జూన్ 13న యానాం విమోచనని నడిపినవారు దడాల రఫాయెల్ రమణయ్య. ముందు ఇంటిపేరు, మధ్యలో క్రైస్తవ నామం, చివర తెలుగు పేరు. రఫాయెల్ వచ్చి చేరింది గానీ దడాల జరగలేదు. అక్కడ పేరు ఎదురు తిరగలేదు.

వ్యాకరణం వాకిలి:
అంటే తిరగడమే విశేషం. విశేషం కాబట్టే పాటలోకి ఎక్కింది. మీ ఉదాహరణ నా ‘ఎదురు’కే బలం.

బందరు పంతులు:
అందరూ రెండో పాదంలో మూడో మాట మీదే ఉన్నారు. చివరి మాట చూశారా? ‘పేరు దెచ్చె’. తెచ్చె కాదు, దెచ్చె. ప్రథమ మీది పరుషానికి గసడదవాదేశం. ‘పేరు’ ఇక్కడ కర్మ అయినా జడం, ప్రాణం లేనిది, కాబట్టి ద్వితీయకి ప్రథమ వచ్చింది, దానిమీద తకారం దకారమైంది. జడ వేసుకుంటూ పాడుకునే పాటలో ఇంత పద్ధతిగా సంధి ఉందంటే, కట్టినవాడు చదువుకున్నవాడు. అదే కాలం, అదే ఊరు. చెళ్ళపిళ్ళ వారు యానాంలో కుర్రవాడిగా తిరుగుతున్న రోజులవి.

ప్రాసకాపరి:
మాస్టారూ, అక్కడ ఆగండి. ఆయన పేరు ఈ పాట మీద వేయడానికి మన దగ్గర ఒక్క ఆధారం కూడా లేదు.

బందరు పంతులు:
వేయడం లేదు బాబూ. ఊరి గాలిలో పద్యం ఉందంటున్నాను, అంతే. 1949లో మద్రాసు ప్రభుత్వం ఆస్థానకవిని చేసేనాటికీ, మరుసటి ఏడు శివరాత్రి నాడు పోయేనాటికీ ఆయన లోపల ఆ యానాం కుర్రవాడు పోలేదని నా నమ్మకం. మా నాన్నగారు బందరు హైస్కూల్లో ఆయన పాఠం విన్నారు. తప్పు చెప్పిన పిల్లవాణ్ణి కొట్టేవారు కాదట. తప్పు ఎక్కడుందో వాడే కనుక్కునేదాకా పద్యాన్ని మళ్ళీ మళ్ళీ చదివించేవారట.

గట్టుమీద రైతు:
గసడదవాదేశం మా ఊడ్పు పాటల్లోనూ ఉంటుందండి. బడికి వెళ్ళనివాళ్ళు కూడా ‘పేరు దెచ్చిందిరా’ అంటారు. దానికి పండితుడు అక్కర్లేదు.

గౌతమి గట్టు:
ఇప్పుడే పెద్దమ్మతో ఫోన్లో మాట్లాడాను. ఎనభై నాలుగేళ్ళు, విశాఖలో ఉంటుంది. పాట అడగ్గానే పాడింది! ‘ఊరు మారలేదు, ఉనికి మారలేదు’ అని గొంతు వణక్కుండా పాడి, ‘ఏరు దాటలేదు’ దాకా వచ్చి ఆగిపోయింది. తర్వాత ఏమిటని అడిగితే, “అది మేం పాడేవాళ్ళం కాదే. అమ్మ పాడి మా జడ పట్టుకుని లాగేది, మేమందరం ‘దెచ్చె!’ అని అరిచేవాళ్ళం” అంది. ముగ్గురు అక్కచెల్లెళ్ళకీ ఆఖరి మాటే వచ్చు. దాని ముందు మాట అమ్మమ్మ ఒక్కతే పాడేది.

మేనత్తమ్మ సంగతి కూడా అడిగాను. తాతగారికి చెల్లెలేనట, కనకాలపేటలో ఉండేదట, పిల్లల్లేరట.

ప్రాసకాపరి:
పెద్దమ్మగారిని ఒకటి అడగగలరా? జడ లాగింది ఏ అక్షరం దగ్గర? ‘ఎర–’ దగ్గర లాగితే ఒక ఊపు, ‘ఎదు–’ దగ్గర లాగితే ఇంకో ఊపు.

పుదుచ్చేరి పాత కాగితం:
ఆ చెల్లెలి మరణం సుమారు ఏ ఏడో కనుక్కోండి అమ్మా. పట్టికలో ‘పి’ కిందా ‘వి’ కిందా రెండు చోట్లా చూడండి. ఫొటో పంపితే నేనూ చూస్తాను.